ఈ రోజు నా చెయ్యి ఎవరు?

మొన్న ఆదివారం పొద్దున సైకిల్ చైన్ తుడుచుకుంటుంటే ఫోన్‌కి ఒక ఫొటో వచ్చింది. పంపింది మా 2019-20 టెన్త్ బ్యాచ్ అబ్బాయి, ఇప్పుడు ఇంజనీరింగ్ ఫైనలియర్‌లో ఉన్నాడు. ఫొటోలో మా నల్లబల్ల. దాని మీద గుండె బొమ్మ, నాలుగు గదులు, రక్తం పోయే దారి చూపించే బాణాలు, పక్కన ఐదారు రకాల చేతిరాతలు. ఒక్క అక్షరం కూడా నాది కాదు, కానీ పాఠం నాదే. "మిస్, గుర్తుందా?" అని కింద రాశాడు.

ఎందుకు గుర్తుండదు నాయనా. రిప్లై ఇద్దామని కూర్చుంటే రెండు మాటల్లో తేలేలా లేదు. పైగా ఆ బ్యాచ్ పిల్లలకి నేను ఒక విషయం చెప్పాల్సి ఉంది, ఇన్నేళ్లూ చెప్పలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా. కొంచెం పొడుగైనా చదవండి.

మాది నాయుడుపేట పక్కన పల్లె. ఈత నాకు స్విమ్మింగ్ పూల్‌లో రాలేదు, మా చేని బావిలో వచ్చింది. ఎండబెట్టిన సొరబుర్రలు రెండు నడుముకి కట్టి మా నాయన నన్ను బావిలోకి దింపేవాడు, తను గట్టు మీద తాడు పట్టుకుని నిలబడేవాడు. నెల తిరిగేసరికి ఒక బుర్ర విప్పాడు, ఇంకో పది రోజులకి రెండోది కూడా విప్పాడు, తాడు మాత్రం చాలా రోజులు వదల్లేదు. తర్వాత చదువు, బీఎడ్, పెళ్లి, 2009లో చెన్నై. తిరువాన్మియూర్‌లో కాపురం, ఒక స్కూల్లో బయాలజీ టీచర్ ఉద్యోగం. ఏళ్ల తరబడి నీళ్లలో దిగలేదు. 2014లో బెసెంట్ నగర్ బీచ్‌లో పొద్దున్నే నడిచే ఆడవాళ్లతో కలిసి పరుగు మొదలుపెట్టాను, పరుగు నుంచి సైకిల్, సైకిల్ నుంచి మళ్లీ ఈత. 2017లో మొదటి ట్రయాథ్లాన్ చేశాను. స్ప్రింట్ అంటారు, 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. ఆ పూట ఇంటికొచ్చి తలకి పోసుకుని, వచ్చే ఏడాది ఒలింపిక్ దూరం చేస్తానని మా ఆయనతో చెప్పాను. అంటే 1500 మీటర్లు, 40 కిలోమీటర్లు, 10 కిలోమీటర్లు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ట్రయాథ్లాన్ మొదటిసారి పెట్టినప్పుడు ఇవే దూరాలు, ఇప్పటికీ ఇవే.

ఆ వచ్చే ఏడాది అనుకున్నట్టు రాలేదు.

2018 జూలైలో సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. గట్టిగా ఊపిరి తీసుకుంటే ఎడమ డొక్కలో పోటు. నాలుగో పీరియడ్‌కి వచ్చేసరికి వాక్యం మధ్యలో ఆగి గాలి తీసుకోవాల్సి వచ్చేది. ప్రాక్టీస్ ఎక్కువైందేమో, కండరం పట్టేసిందేమో అనుకుని, జ్వరం బిళ్ల వేసుకుని స్కూలుకి పోయేదాన్ని. యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దాలి, సెలవు పెడితే సబ్‌స్టిట్యూషన్ వేరే వాళ్ల నెత్తిన పడుతుంది, ఇవీ నా లెక్కలు. అలా మూడు వారాలు. చివరికి ఒకరోజు రెండో అంతస్తుకి మెట్లెక్కి క్లాసులోకి వెళ్లి 'గుడ్ మార్నింగ్' చెప్పలేకపోయాను. నెలా రెండు నెలల ముందు ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద 60 కిలోమీటర్లు తొక్కిన మనిషిని, టేబుల్ పట్టుకుని నిలబడ్డాను, పిల్లలు నిలబడి నన్నే చూస్తున్నారు.

ఎక్స్‌రేలో ఎడమ ఊపిరితిత్తి కింది సగం తెల్లగా ఉంది. ఊపిరితిత్తికీ దాని పైపొరకీ మధ్య నీరు చేరింది. నన్ను కుర్చీలో వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, ముందు దిండు పెట్టి దాని మీద చేతులు ఆనించమని, వీపులో పక్కటెముకల మధ్య నుంచి సూది పెట్టి తీశారు. ముప్పావు లీటరు. కరిగిన నెయ్యి రంగులో ఉంది. నీరు పోయే కొద్దీ ముడుచుకున్న ఊపిరితిత్తి విచ్చుకుంటుందట, దాంతో ఆగకుండా దగ్గు వచ్చింది, డాక్టరు గారు నా భుజం మీద చెయ్యి వేసి ఆ దగ్గు మంచిదేనమ్మా అన్నారు. పరీక్షలన్నీ వచ్చాక మళ్లీ పిలిచి కూర్చోబెట్టి, "టీబీ అమ్మా. ఆరు నెలలు మందు వాడాలి, ఒక్క పూట కూడా మానకూడదు. తగ్గిపోతుంది" అని చెప్పారు. కళ్లె పరీక్షలో క్రిమి లేదు. లోపల కాకుండా పైపొరలో ఉండే ఈ రకం సాధారణంగా దగ్గుతో పక్కవాళ్లకి అంటదని, పిల్లల గురించి భయపడొద్దని నేను అడగకముందే చెప్పారు.

ఇంటికొచ్చి చెబితే మా అత్త ముఖం పాలిపోయింది. అత్త చిన్నప్పుడు వాళ్ల పెద్దమామని టీబీ రోగులని ఉంచే మదనపల్లె శానిటోరియంకి, అదే ఆరోగ్యవరానికి, తీసుకుపోయారట. ఆయన తిరిగి రాలేదు. ఆయన తిన్న కంచం కూడా ఇంట్లో ఉంచలేదట. అత్తకి టీబీ అంటే అదే. "ఎవురికీ చెప్పబాకమ్మాయ్, నెమ్ము చేసిందని చెప్పు, అంతే" అంది. నీరు చేరింది కాబట్టి నెమ్ము అనడం పూర్తిగా అబద్ధమూ కాదు. నేనూ అదే పట్టుకున్నాను. స్కూల్లో పెద్దవాళ్లకి డాక్టరు ఉత్తరం ఇచ్చి అసలు సంగతి చెప్పాను. స్టాఫ్ రూములో మిగతా అందరికీ, పిల్లలకీ నెమ్ము.

తర్వాత పెట్టిన మూడు వారాల సెలవులో పడుకుని చదువుకున్న విషయం ఒకటి చెప్పాలి, చెన్నైలో ఉండే మనవాళ్లలో కూడా చాలామందికి తెలియదు. నన్ను ఏ శానిటోరియానికీ పంపకుండా ఇంట్లోనే ఉంచి మందులిచ్చారంటే దానికి కారణం ఈ ఊరే. 1956లో చేట్‌పట్‌లో టీబీ మందుల మీద పరిశోధనకి ఒక కేంద్రం పెట్టారు. ఊళ్లోని పేద ఇళ్ల నుంచి వచ్చిన 193 మంది రోగులని రెండు భాగాలు చేసి, సగం మందికి శానిటోరియంలో మంచి తిండి, విశ్రాంతి, నర్సుల మధ్య ఏడాది వైద్యం చేశారు. మిగతా సగానికి అవే మందులిచ్చి ఇళ్లకి పంపారు, ఇరుకు ఇళ్లు, చాలీచాలని తిండి. ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపులూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి, ఇంట్లో వాళ్లకి అంటుకోవడం కూడా ఎక్కువేం లేదు. 1959లో ఆ ఫలితం అచ్చయ్యాక ప్రపంచమంతా టీబీ వైద్యం ఇళ్లకి వచ్చింది. ఇది అత్తకి చదివి వినిపించాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ రాత్రి నా కంచం అందరి కంచాలతో కలిపి తోమింది.

నా బరువు 54 నుంచి 47కి వచ్చింది. పొద్దున పరగడుపున మూడు బిళ్లలు, ఎర్రగా ఒక్కొక్కటీ చిక్కుడు గింజంత. వేసుకున్న గంటకి మూత్రం నారింజ రంగులో వచ్చేది. ఒక మందు కళ్ల మీద పనిచేసే అవకాశం ఉందని అప్పుడప్పుడూ రంగుల చుక్కల పుస్తకం చూపించి అంకెలు చదివించేవారు. ఆ ఏడాదే మొదలైన నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకి 500 రూపాయలు అకౌంట్లో పడేవి, అత్త ఆ డబ్బుతో కోడిగుడ్లు, వేరుశెనగ పప్పు, బెల్లం తెప్పించి ఉండలు చుట్టేది. డబ్బు మాకు లేక కాదు, ఆ డబ్బుతోనే తినాలని ఆమె పట్టుదల.

బిళ్లలు 2019 జనవరిలో అయిపోయాయి. చివరి ఎక్స్‌రేలో ఊపిరితిత్తి బాగానే ఉంది, ఎడమ వైపు కింది మూల తప్ప. ఆ మూల మామూలుగా కత్తి మొనలా వాడిగా ఉంటుంది, నాకు మొద్దుబారి ఉంది. "అది అలాగే ఉండిపోతుంది, దానివల్ల ఇబ్బంది లేదు, పరిగెత్తుకోండి" అన్నారు డాక్టరు గారు. ఆ ఫిల్మ్ తెచ్చి బీరువా వెనక పెట్టేశాను.

పరిగెత్తుకోండి అన్నంత తేలిగ్గా లేదు. మూడు గొట్టాలు, మూడు బంతులు ఉండే ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇచ్చారు, గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి లాగితే బంతులు లేస్తాయి. మొదట్లో ఒకే బంతి లేచేది. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్లు, హోంవర్క్ చేసుకుంటూ పక్కన కూర్చుని "రెండోది కదిలిందమ్మా" అని చెప్పేది. బెసెంట్ నగర్‌లో ష్మిట్ మండపం దగ్గర మొదలుపెట్టి అష్టలక్ష్మి గుడి దాకా నడక, తర్వాత నడక మధ్యలో కొంచెం పరుగు. ఒకప్పుడు నాతో పరిగెత్తిన వాళ్లు ఎదురొచ్చి చెయ్యి ఊపి దాటిపోతుంటే ఏడుపు వచ్చేది. ఆ చీకట్లో ఎవరికీ కనిపించదని ఏడ్చాను కూడా.

ఈలోగా వేసవి. 2019 వేసవి చెన్నైలో ఉన్నవాళ్లెవరూ మర్చిపోరు. ఊరికి నీళ్లిచ్చే చెరువులు పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం నాలుగూ ఎండిపోయాయి. ట్యాంకర్ కోసం బుక్ చేసి రోజుల తరబడి చూడటం, అర్ధరాత్రి లారీ వస్తే బిందెలతో కిందికి పరుగు. నేను ఈత కొట్టే అపార్ట్‌మెంట్ పూల్ మూసేశారు, మూయాల్సిందే, తాగడానికి లేనప్పుడు ఈత ఏమిటి. జూలై 12న జోలార్‌పేట నుంచి 50 వ్యాగన్లలో 25 లక్షల లీటర్ల నీళ్లు రైల్లో వచ్చాయి, స్టాఫ్ రూములో అందరం ఫోన్లో ఆ రైలునే చూశాం. పూల్ లేని ఆ నెలల్లో నేను కిటికీ ఊచలకి రబ్బరు బ్యాండు కట్టి, నేల మీద నిలబడి ఈత చేతులు వేసేదాన్ని.

ఉద్యోగం చేస్తూ ఇదంతా ఎలా కుదిరింది అని అడుగుతుంటారు, ముఖ్యంగా టీచర్లు. అన్నీ కుదరలేదు. కోచ్ సర్ వారానికి పది గంటల ప్లాన్ రాసిస్తే నాకు దొరికేది ఆరు, ఆరున్నర. 4.15కి లేచేదాన్ని. 6 కల్లా ఇంటికొచ్చి క్యారియర్లు కట్టి 7.10కి బస్సెక్కాలి. రోజుకి ఐదారు పీరియడ్లు నిలబడే ఉంటాం కదా, సాయంత్రానికి మడమలు నిప్పుల మీద పెట్టినట్టు ఉండేవి, అందుకని సాయంత్రం ప్రాక్టీస్ పూర్తిగా మానేశాను. క్వార్టర్లీ, హాఫ్ ఇయర్లీ వచ్చాయంటే రెండు వారాలు వాకింగ్ తప్ప ఏమీ ఉండేది కాదు. మొదట్లో ఆ రెండు వారాలూ టెన్షన్‌తో పేపర్లు సరిగా దిద్దలేకపోయేదాన్ని. తర్వాత నేనే కోచ్ సర్‌కి స్కూల్ క్యాలెండర్ ఇచ్చి, ముందు ఇందులో పరీక్షలు చూడండి, మిగిలిన చోట్ల రాయండి అన్నాను. పోర్షన్ అవదని తెలిసినప్పుడు ఏ పాఠం వదలాలో, ఏది వదలకూడదో టీచర్లకి తెలుసు. నేను వదిలింది సరదా రైడ్లు, పెళ్లిళ్లు, సీరియళ్లు, ఇంకా చాలామంది స్నేహితుల ఫోన్లు. ఆ ఫోన్లు వదలకుండా ఉండాల్సింది.

ఇక ఆ బ్యాచ్. జూలైలో వాళ్లకి 'లైఫ్ ప్రాసెసెస్' పాఠం, శ్వాసక్రియ. అడుగు కోసిన ప్లాస్టిక్ సీసా, లోపల రెండు బెలూన్లు, కింద సాగదీసి కట్టిన బెలూన్ ముక్క, ఆ ముక్కని కిందికి లాగితే లోపలి బెలూన్లు ఉబ్బుతాయి. ఏటా చేసే మోడలే. ఆసారి నేను సీసాలో బెలూన్ల చుట్టూ గుడ్డముక్కలు బిగించి కుక్కి లాగి చూపించాను. బెలూన్లు ఉబ్బలేదు, కొంచెం కదిలాయంతే. "ఊపిరితిత్తి బాగానే ఉన్నా చుట్టూ చోటు లేకపోతే ఇలా ఉంటుంది" అని చెప్పాను. గూడూరు నుంచి వచ్చిన అమ్మాయి ఒకతి ముందు బెంచిలో కూర్చునేది, క్లాసయ్యాక టేబుల్ దగ్గరికొచ్చి తెలుగులో అడిగింది, "పోయిన సంవత్సరం మీకు వచ్చింది ఇదేనా మిస్? ఎందుకొస్తుంది?"

నెమ్మమ్మా, అన్నాను. చల్లగాలికి వస్తుంది, అన్నాను.

తొమ్మిదో తరగతిలో రోగాలు ఎందుకొస్తాయో, టీబీ బాక్టీరియా వల్ల వస్తుందని వాళ్లకి చెప్పింది నేనే. ఆ పాప తలూపి వెళ్లి నోట్సులో రాసుకుంది, నేను చూశాను. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నాకు గుచ్చుకునేది అదే.

సెప్టెంబరులో రెండో ఆదివారం. తిరువాన్మియూర్ నుంచి ముట్టుకాడు వంతెన దాకా పోయి వస్తే ఇంచుమించు 40 కిలోమీటర్లు. పోయేటప్పుడు ఎడమ చేతి వైపు సముద్రం మీద సూర్యుడు, వంతెన మీద గాలి తోసేస్తుంది. జబ్బు తర్వాత మొదటిసారి ఆగకుండా తొక్కి తిరిగొస్తున్నా. ముందు బస్సు ఆగితే పక్కకి తప్పుకోబోయాను, రోడ్డు అంచున ఇసుక, ముందు చక్రం జారింది. కుడి భుజం మీద పడ్డాను. ఎండుపుల్ల విరిగిన చప్పుడు చెవి పక్కనే వినిపించింది. వెనకొచ్చే సైక్లిస్టులు ఎవరో ఆగి, నన్ను కూర్చోబెట్టి, చున్నీతో చెయ్యి మెడకి కట్టి, ఆటో ఎక్కించారు. వాళ్ల పేర్లు కూడా అడగలేదు. కాలర్ బోన్ రెండు ముక్కలు, ప్లేటు, ఏడు స్క్రూలు. ఆరు వారాలు చెయ్యి భుజం పైకి ఎత్తకూడదు.

టెన్త్ క్లాసు, రక్తప్రసరణ పాఠం సగంలో ఉంది. రెండు వారాలకి స్లింగ్ వేసుకుని స్కూలుకి వెళ్లాను. బల్ల ముందు నిలబడ్డాక గానీ తట్టలేదు, రాసేది కుడిచెయ్యి. ఎడమ చేత్తో ఒక గీత గీస్తే అది గీతలా లేదు. చాక్‌పీసు పట్టుకుని క్లాసు వైపు తిరిగి, ఏం అనాలో తెలియక, "ఈ రోజు నా చెయ్యి ఎవరు?" అన్నాను.

ఆ మాట నేను ఆలోచించి అన్నది కాదు. కానీ మర్నాటికి వెనక గోడ మీద కాగితం అంటించి ఉంది, తేదీలు, రోల్ నంబర్లు. చెయ్యి డ్యూటీ. ఆ రోజు చెయ్యి అయిన వాళ్లే నా పుస్తకాలు మోయాలి, బల్ల తుడవాలి, నేను చెప్పింది రాయాలి, బొమ్మ గీయాలి. వాళ్లలో ఒక అబ్బాయికి నత్తి ఉంది, రెండేళ్లలో క్లాసులో నోరు తెరవగా నేను చూడలేదు. వాడి వంతు వచ్చిన రోజు బల్ల మీద ముత్యాల్లాంటి అక్షరాలు. నేను వాక్యం సగంలో ఆపితే మిగతా సగం వాడే రాసేశాడు, సరిగ్గా. పాఠమంతా వాడికి వచ్చు. పదేళ్లు బల్ల వైపు తిరిగి రాసుకుంటూ పాఠాలు చెప్పిన నేను, ఆ ఆరు వారాలు పీరియడ్ మొత్తం పిల్లల ముఖాలు చూస్తూ చెప్పాను. ఎవరికి ఎక్కడ అర్థం కావడం ఆగిపోతుందో కనిపించేది.

ఫొటోలో ఉన్న గుండె బొమ్మ ఆ ఫొటో పంపినవాడు గీసిందే. మొదట ఎడమ జఠరికని తన ఎడమ చేతి వైపు గీశాడు. క్లాసంతా గోల. వాణ్ని క్లాసు వైపు తిప్పి నిలబెట్టి, గుండె మీద చెయ్యి పెట్టుకోమన్నాను. "ఇప్పుడు వీడి ఎడమ మీకు ఏ వైపు?" అని అడిగితే "కుడి" అన్నారు అందరూ. బొమ్మలో మనిషి మనకి ఎదురుగా నిలబడి ఉంటాడు, అది ఎప్పుడూ గుర్తుపెట్టుకోండి అని చెప్పాను. వాడు తుడిచి మళ్లీ గీశాడు, ఎడమ గోడ మందంగా. ఒళ్లంతటికీ రక్తం తోసేది అదే కాబట్టి. ఫొటోలో చూడండి, ఆ గోడ మీద రెండుసార్లు చాక్‌పీసు రుద్దాడు.

డిసెంబరులో పూల్‌లో దిగనిచ్చారు. కుడిచెయ్యి పూర్తిగా చాచలేక ఒక పక్కకి వంగిపోయేదాన్ని. మార్చిలో పిల్లల బోర్డు పరీక్షలు, ఆ వెంటనే లాక్‌డౌన్. ఫేర్‌వెల్ లేదు, హాల్ టికెట్ ఇచ్చిన రోజే ఆఖరు. ఆ తర్వాత రెండేళ్లు అందరికీ గడిచినట్టే గడిచాయి, రాయడానికి మనసొప్పదు.

2023 ఫిబ్రవరిలో ఒలింపిక్ దూరం చేశాను. చెన్నై దాటాక ఈసీఆర్ పక్కన, సముద్రంలో ఈత. అంతకు ముందు ఏడాదంతా వేళచ్చేరి అక్వాటిక్ కాంప్లెక్స్‌లో ప్రాక్టీస్ చేశాను, 1995లో దక్షిణాసియా దేశాల సాఫ్ గేమ్స్‌కి కట్టిన 50 మీటర్ల పూల్, ఆ చివర నుంచి ఈ చివరకి 30 సార్లు ఈదితే 1500. సముద్రంలో గోడ ఉండదు, అడుగు కనిపించదు. మొదటి రెండొందల మీటర్లలోనే ఊపిరి అందలేదు, అదే ఎడమ డొక్క గుర్తొచ్చింది, వెల్లకిలా తిరిగి తేలాను. పక్కనే బోర్డు మీద కూర్చున్న జాలరి కుర్రాడు తమిళంలో "మెల్లగా అక్కా, టైముంది" అన్నాడు. ఆకాశం చూస్తూ నాలుగు ఊపిర్లు లెక్కపెట్టి మళ్లీ బోర్లా తిరిగాను. సైకిల్ మీద ఎదురుగాలి. పరుగు మొదలయ్యేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది, ఆఖరి మూడు కిలోమీటర్లు నడక, పరుగు, నడక. 3 గంటల 52 నిమిషాలు. మా ఆయన, అమ్మాయి, గొడుగు కింద అత్త. అత్త ఉప్పు వేసిన మజ్జిగ చెంబు నాకిచ్చి, నేను తాగడం అయ్యేదాకా నా గుండెల వైపే చూస్తూ నిలబడి, "ఊపిరి బాగా ఆడతా ఉందా అమ్మాయ్?" అని అడిగింది.

ఆ ఏడాది జూలైలో మళ్లీ అదే పాఠం వచ్చింది. బీరువా వెనక నుంచి ఫిల్మ్ తీసి, దుమ్ము తుడిచి, స్కూలుకి తీసుకెళ్లాను. ఆ బ్యాచ్ పిల్లలూ, ముఖ్యంగా గూడూరు అమ్మాయీ, నువ్వు ఇది చదువుతుంటే, ఆ రోజు నీ నోట్సులో రాసుకున్నది కొట్టేయమ్మా. నాకు వచ్చింది టీబీ. చల్లగాలికి రాదు, బాక్టీరియా వల్ల వస్తుంది, బిళ్లలతో పోతుంది. నీకు నేను అబద్ధం చెప్పాను, తప్పు చేశాను.

క్లాసులో ఎక్స్‌రేని కిటికీ అద్దానికి టేపుతో అంటించాను. పొద్దుటి వెలుతురులో పక్కటెముకలన్నీ స్పష్టంగా కనిపించాయి. పిల్లలు బెంచీలు దిగి చుట్టూ చేరారు. ఎవరిది మిస్ అని అడిగారు. నాదే, నాకు టీబీ వచ్చింది, తగ్గాక తీసింది అన్నాను. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. "ఒక చోట తేడా ఉంది, ఎక్కడో కనిపెట్టండి" అన్నాను. వెనక నుంచి ఒక చిన్న పిల్ల, క్లాసులో అందరికంటే పొట్టిది, ముందుకొచ్చి మునివేళ్ల మీద నిలబడి, ఆ మొద్దుబారిన మూల మీద వేలు పెట్టింది.

"ఇక్కడ మిస్. కుడి వైపు" అంది. అని ఆగి, నా వైపు తిరిగి నన్ను ఒకసారి చూసి, "కాదు కాదు, మీ ఎడమ" అంది.